బరువు లాగేటప్పుడు ఇంజను ఎందుకు వేడెక్కుతుంది?



దాళ్వా కోతల కాలంలో మన గోదావరి డెల్టాలో ఏ కాలువ గట్టు మీద చూచినా ధాన్యం బస్తాలతో వెళ్ళే ట్రాక్టర్లు, పికప్పు వ్యాన్లు కనిపిస్తాయి. ఏప్రిల్, మే నెలల ఎండ. ఒక్కొక్కప్పుడు సాయంత్రానికి మబ్బు కూడా పడుతుంది. కళ్ళంలో ధాన్యం తడవకముందే మిల్లుకు చేర్చాలని అందరికీ తొందరే. సరిగ్గా అటువంటి సమయంలోనే బండి వేడెక్కి ఆవిరి కక్కుతుంది. ఇంజను చెడితే మరమ్మతు ఖర్చు ఒకటి, కూలీల నష్టం ఒకటి, తడిసిన ధాన్యానికి ధర తగ్గడం మరొకటి. కనుక ఇంజను ఎందుకు వేడెక్కుతుందో, కారణాన్ని వరుసగా ఎట్లా పట్టుకోవాలో ఈ పూట ముచ్చటించుకుందాం.

ముందుగా ఒక సంగతి. మనం పోసిన డీజిలులోని శక్తిలో స్థూలంగా మూడోవంతు మాత్రమే చక్రాలను తిప్పే పనికి వస్తుంది. మరొక మూడోవంతు పొగతోపాటు బయటకు పోతుంది. మిగిలినది ఇంజను ఒంటికి పట్టే వేడి. ఆ వేడిని నీళ్ళు రేడియేటరుకు మోసుకుపోతాయి. అక్కడ ఫ్యాను గాలి దానిని ఊడ్చుకుపోతుంది. బరువు పెరిగితే డీజిలు ఎక్కువ కాలుతుంది, దానితో వేడీ పెరుగుతుంది. ఎంత వేడి పుట్టిందో అంతా బయటకు పోతున్నంతసేపూ భయం లేదు. పుట్టేది ఎక్కువై పోయేది తక్కువైతే ముల్లు పైకి లేస్తుంది.

“ఖాళీ బండికి ఏమీ లేదండీ, బరువు వేస్తేనే వేడెక్కుతోంది. కనుక తప్పు బరువుదే” అని చాలామంది అంటారు. ఇది సగం నిజం మాత్రమే. కాలువలో పూడిక పేరుకున్నా వాడకం తక్కువగా ఉన్న రోజుల్లో శివారు పొలానికి కూడా నీరు అందుతుంది. అందరూ ఒక్కసారి నాట్లు మొదలుపెట్టినప్పుడే పూడిక సంగతి బయటపడుతుంది. రేడియేటరు కూడా అంతే. సగం పూడిపోయిన రేడియేటరు ఖాళీ బండిని చల్లబరచగలదు, నిండు బండిని చల్లబరచలేదు. బరువు లోపాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని బయటపెడుతుంది.

మన నేల పల్లపు నేల కావడం వల్ల ఈ లోపం చాలాకాలం దాగి ఉండవచ్చు. ఒక చిన్న లెక్క వేయండి. 75 కిలోల బస్తాలు 60 వేస్తే 4,500 కిలోలు. పది అడుగుల నిడివికి ఒక అడుగు లేచే వాలు మీద ఆ బస్తాలను ఎక్కించడానికి, సమతలం మీద లాగే బలం గాక, దాదాపు 450 కిలోల లాగుడు అదనంగా కావాలి. ట్రాలీ బరువు వేరు. చేలోనుంచి గట్టు మీదికి ఎక్కే దారి ఇటువంటిదే, కాని పది గజాలలో అయిపోతుంది. అదే బండి రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాటు రోడ్డు ఎక్కిందనుకోండి. మైళ్ళ పొడవునా ఎక్కుడే. డెల్టాలో సంవత్సరమంతా దాగిన లోపం అక్కడ అరగంటలో బయటపడుతుంది. కడియం నుంచి మొక్కలు తీసుకొని కొండదారి పట్టే పికప్పు బండ్లవారు ఇది బాగా గుర్తుంచుకోవాలి.

ఇక ముల్లు ఎర్రగీత వైపు పోతూ ఉంటే తక్షణం ఏమి చేయవలెను? బండిని నీడకు, చదునైన చోటికి తీసి ఆపండి. నీళ్ళు కారకుండా, ఆవిరి రాకుండా ఉంటే ఇంజనును వెంటనే ఆపవద్దు. బరువు లేకుండా మూడు నాలుగు నిమిషాలు నెమ్మదిగా తిరగనిస్తే పంపు, ఫ్యాను కలిసి వేడిని బయటకు పంపుతాయి. ముల్లు దిగకపోయినా, నీళ్ళు బయటకు పోతూ ఉన్నా వెంటనే ఆపివేయండి. నీళ్ళు లేని ఇంజనును తిప్పడం పొయ్యి మీద ఒట్టి కుండ పెట్టడమే.

రేడియేటరు మూత మాత్రం అప్పుడు తీయవద్దు. మామూలుగా నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయి. మూత ఒత్తిడి పట్టి ఉంచడం వల్ల రేడియేటరులో నీళ్ళు అంతకు మించి కాగినా మరగకుండా నిలుస్తాయి. మూత తీసిన మరుక్షణం ఒత్తిడి పోయి, నీళ్ళు ఒక్కసారి మరిగి ఆవిరితోపాటు ముఖం మీదికి చిమ్ముతాయి. కళ్ళు పోయే ప్రమాదమిది. కనీసం అరగంట ఆగి, పైపు చేతికి చల్లగా తగిలిన తరువాతనే మూత తీయండి. కాగిన ఇంజనులో చన్నీళ్ళు పోయడం కూడా తప్పే. హెడ్డు పగలవచ్చు.

ఇప్పుడు కారణం వెదకడం. డబ్బు ఖర్చు లేనివి ముందు, ఖర్చయ్యేవి తరువాత చూడాలి. ముందుగా మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: ఖాళీగా నిలబెట్టి తిప్పినా వేడెక్కుతోందా? అయితే నీళ్ళు తక్కువ కావచ్చు, ఫ్యాను బెల్టు వదులు కావచ్చు, థర్మోస్టాట్ తెరుచుకోకపోవచ్చు. రెండు: నెమ్మదిగా లాగేటప్పుడు వేడెక్కి, రోడ్డు మీద వేగంగా పోతే తగ్గుతోందా? అయితే ఫ్యాను గాలి చాలడం లేదన్నమాట. మూడు: వేగంగా పోయినా, గాలి బాగా తగిలినా బరువుతో వేడెక్కుతూనే ఉందా? అయితే రేడియేటరు పూడి ఉండాలి, లేక ఇంజను మోయవలసినదానికంటే ఎక్కువ మోస్తూ ఉండాలి.

తరువాత కంటితో పరీక్ష. చల్లని ఇంజనులో నీళ్ళ మట్టం చూడండి. తరచూ తగ్గుతూ ఉంటే ఎక్కడో కారుతోంది. పైపుల అతుకులు, వాటర్ పంపు కింది భాగం తడిమి చూడండి. ఫ్యాను బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. అంతకంటే ఎక్కువ దిగితే జారుతోందన్నమాట. కొన్ని పికప్పులలో ఫ్యానుకు జిగురు నూనెతో పనిచేసే క్లచ్చు ఉంటుంది. వేడి ఇంజనును ఆపి, తాళం తీసిన తరువాత ఫ్యానును చేత్తో తిప్పితే కాస్త బిగువుగా తిరగాలి. గాలిపటం చక్రంలా అదేపనిగా తిరిగితే ఆ క్లచ్చు పోయిందని అర్థం.

రేడియేటరు ముందు భాగం తప్పక చూడండి. నూర్పిడి రోజుల్లో ఊక, తాలు, గడ్డి ముక్కలు రేకుల సందుల్లో చొచ్చుకుంటాయి. దమ్ము చేసేటప్పుడు బురద చిమ్మి ఎండిపోతుంది. దీనిని ఇంజను వైపు నుంచి బయటివైపుకు గాలితోగాని, మెత్తని నీటిధారతోగాని కడగాలి. పెద్ద ఒత్తిడితో కొడితే రేకులు ఒరిగిపోయి అసలే గాలి ఆడదు. కోతల రోజుల్లో ప్రతి సాయంత్రం ఈ పని చేసినా తప్పు లేదు. ముందు జాలీకి గోనెపట్టా, పేరు బోర్డు, అదనపు దీపాలు కట్టి గాలికి అడ్డం పెట్టినవారూ ఉన్నారు. నిమ్మకాయల దండ కట్టుకోండి, కాదనను. గాలికి దారి మాత్రం వదలండి.

థర్మోస్టాట్ మీద అది తెరుచుకునే వేడి ముద్రించి ఉంటుంది. సాధారణంగా అది 80 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. దానిని విప్పి, వేడిమాపకంతో పాటు నీళ్ళగిన్నెలో దారంతో వేలాడదీసి కాచి చూడండి. ఆ వేడికి కవాటం తెరుచుకోకపోతే మార్చండి. అసలు తీసి పారేయడం మంచిది కాదు. అది లేకపోతే ఇంజను చలిగా తిరిగి త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో నీళ్ళు రేడియేటరు దారి పట్టకుండా అడ్డదారిన తిరిగి, వేడి ఇంకా పెరుగుతుంది.

చల్లని ఇంజనును మూత తీసి ఆడించినప్పుడు నీళ్ళలో ఆగకుండా బుడగలు వస్తున్నా, ఇంజను నూనె పాలు కలిపిన టీలా మారినా, హెడ్డు గాస్కెట్టు కాలిందని అనుమానించాలి. అప్పుడు బండి నడపవద్దు, మెకానిక్కుకు చూపించండి.

లోపం ఇంజను దగ్గరే ఉండాలని కూడా లేదు. కోనసీమలో ఒక రైతు పికప్పు బండి కొబ్బరికాయల బరువుతో వేడెక్కేది. రేడియేటరు మార్పించాడు. తరువాత థర్మోస్టాట్ మార్పించాడు. జబ్బు మాత్రం పోలేదు. అడిగితే, ఈమధ్య డీజిలు కూడా ఎక్కువ తాగుతోందని చెప్పాడు. అసలు ఆచూకీ ఆ మాటలోనే ఉంది. పది మైళ్ళు నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గర చేయి ఆనించీ ఆనించకుండా చూస్తే, వెనుక కుడి చక్రం మాత్రం పెనంలా కాలుతోంది. బ్రేకు పట్టి వదలడం లేదు. ఖాళీ బండి ఎలాగో ఈడ్చుకుపోయింది. బరువు తోడయ్యేసరికి ఇంజను ఓర్చుకోలేకపోయింది. బ్రేకు సరిచేయించగానే ముల్లు దిగింది. అనవసరంగా రెండు సామాన్లకు డబ్బు పోసిన తరువాత దొరికిన కారణమిది. ట్రాలీ చక్రాల బేరింగులకు గ్రీజు లేకపోయినా, టైర్లలో గాలి తక్కువైనా ఇదే బాధ. గాలి వడపోత మూసుకుపోతే నల్లపొగ వస్తుంది, అదీ వేడికి కారణమే.

నడిపే తీరు కూడా ముఖ్యమండీ. పెద్ద గేరులో మూలుగుతూ లాగితే ఇంజను తిరిగే వేగం తగ్గుతుంది. దానితోపాటు పంపు, ఫ్యాను కూడా నెమ్మదిస్తాయి. డీజిలు మాత్రం నిండుగా కాలుతుంది. గట్టు ఎక్కేముందే చిన్న గేరుకు దిగండి. ఇక బరువు సంగతి. ఎంత వేయవచ్చో ఆర్.సి. పుస్తకంలో ఉంటుంది. పికప్పు వెనుక ట్రాలీ తగిలించదలిస్తే తయారీదారు ఇచ్చిన పుస్తకం ఎంత లాగవచ్చునంటే అంతే లాగాలి.

చివరగా నీళ్ళు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుంచి కాలువ నీరు మనకు ప్రాణం. కాని వరద రోజుల ఎర్రనీటిలో ఒండ్రు ఉంటుంది. పొలానికి ఆ ఒండ్రు బలం, రేడియేటరుకు పూడిక. సముద్రతీరపు గ్రామాల్లో ఉప్పు తగిలే బోరు నీరు లోహాన్ని తినివేస్తుంది. గట్టి నీరు లోపల సున్నపు పెచ్చు కట్టిస్తుంది. కాబట్టి తయారీదారు చెప్పిన కూలెంటును, బ్యాటరీకి పోసే శుద్ధజలంతో చెప్పిన పాళ్ళలో కలిపి పోయండి. గడువుకు మార్చండి. దారిలో తప్పనిసరై కాలువ నీరు పోసినా, ఇల్లు చేరాక కడిగించి మార్చండి.

వ్యవసాయ సహాయకులకు ఒక విన్నపం. కోతలకు పదిహేను రోజుల ముందు ఊళ్ళో బండ్లన్నిటినీ ఒకచోట చేర్చి నీళ్ళు, బెల్టు, రేడియేటరు, వడపోత, చక్రాలు, టైర్ల గాలి పరీక్ష చేయించండి. ఒక్కొక్క బండికి పావుగంట చాలు. లోపం ఉన్నదాన్ని అప్పుడే మరమ్మతుకు పంపితే కోతల నాటికి తిరిగి వస్తుంది.

రైతు సోదరులారా, ఎద్దు రొప్పుతూ ఉంటే కాడి దించి నీడన కట్టేవారు మన పెద్దలు. ఇంజనుకు నోరు లేదు, ముల్లు మాత్రమే ఉంది. దానివైపు ఒక కన్ను వేసి ఉంచండి.