గడ్డ చుట్టూ పెద్దమనుషులు

అక్కలారా! రొమ్ములో గడ్డ తగులుతుంది. నొప్పి లేదు గదా అని చాలామంది ఊరుకుంటారు. ఊరుకోరాదు, ఆసుపత్రిలో చూపించుకోవాలి. క్యాన్సర్ గడ్డ మొదట్లో నొప్పి పెట్టకపోవచ్చు.

మన రక్తంలో తెల్లకణాలు ఉన్నాయి. కంటికి కనబడనంత చిన్నవి. అవే ఒంటికి కాపలా. రోగక్రిములను చంపుతాయి. క్యాన్సర్‌నూ చంపగలవు. మరి గడ్డ ఎట్లా పెరుగుతుంది?

ఆ కాపలావాళ్లలో కొందరు పెద్దమనుషులు. "ఇక చాలు, ఆగండి" అనడమే వాళ్ల పని. వాళ్లు లేకుంటే కాపలావాళ్లు మన ఒంటినే పాడుచేస్తారు. జపాన్ డాక్టరు సకాగుచి 1995లో ఎలుకల్లో ఈ సంగతి చూపారు. 2025లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. దాన్ని పంచుకున్న మరి ఇద్దరిలో ఒకరు మేరీ బ్రంకో. ఆడమనిషే!

గడ్డ జిత్తులమారిది. ఆ పెద్దమనుషులనే తన చుట్టూ చేర్చుకుంటుంది. వాళ్లు ఆగమంటారు. కాపలా ఆగిపోతుంది. పోనీ, వాళ్లను తీసేస్తే? ఒంట్లో అంతటా తీసేస్తే ఒళ్లే చెడుతుంది. గడ్డ దగ్గరివాళ్లను మాత్రమే తప్పించే మందుల కోసం ఇప్పుడు వెతుకుతున్నారు.