డిస్కు మార్చే ముందు

(మైదుకూరులో వడ్రంగి పని చేసేవారితో ఒక వడ్రంగి మాట్లాడిన మాటలు)



నేను వడ్రంగిని. మాది మైదుకూరే. మా నాయన బాడిస, ఉలి పట్టి మడకలు, గొర్లు, గుంటకలు చేసినాడు. ఇప్పుడు మనం చేసేది తలుపులు, కిటికీలు, మంచాలు. ఒక వేప తలుపును నునుపు చేయాలంటే నాయన ఉప్పుకాగితంతో పొద్దంతా రుద్దేవాడు. ఇప్పుడు గ్రైండరు మిషనుకు ఉప్పుకాగితం డిస్కు బిగిస్తే ఆ పని చాలా తొందరగా అయిపోతుంది.

పని సులువైంది. కానీ ప్రమాదం చేతి దగ్గరికే వచ్చింది. నా ఎడమ చెయ్యి చూడండి. రెండు వేళ్లు ముడుచుకోవు.

ఆ రోజు పని మధ్యలో కరెంటు పోయింది. ఊరికే కూర్చోవడమెందుకు, అరిగిన డిస్కు మారుద్దాం అనుకున్నా. మిషను ఆగే ఉంది కదా అని ప్లగ్గు పీకలేదు. బటను ఆన్‌లోనే ఉంది. నట్టు విప్పి కొత్త డిస్కు పెడుతున్నా. కరెంటు వచ్చింది. అంతే! మూడు నెలలు పని లేదు. నా భార్య గాజులు కుదువకు పోయినాయి.

అందుకే చెబుతున్నా. ఆగిన మిషనును నమ్మొద్దు. పీకిన ప్లగ్గునే నమ్మండి.

డిస్కు ఎట్లా మార్చాలి?

ముందు బటను ఆపాలి. ప్లగ్గు పీకాలి. ప్లగ్గును మన కంటికి కనబడేచోట పెట్టుకోవాలి. చక్రం పూర్తిగా ఆగినాకనే ఇరుసును పట్టి ఉంచే బటను నొక్కాలి. తిరిగేటప్పుడు నొక్కితే లోపలి పళ్లు విరుగుతాయి. పానాతో నట్టు విప్పాలి. రబ్బరు ప్యాడు చీలిందేమో చూడాలి. చీలితే దాన్ని కూడా మార్చాలి. ప్యాడు మీద డిస్కును సరిగ్గా మధ్యకు పెట్టాలి. గరుకు వైపు బయటికి ఉండాలి. నట్టు ప్యాడు గుంటలోకి దిగేట్టు బిగించాలి. పానా తీసి పక్కన పెట్టాలి. చేత్తో ఒకసారి తిప్పి చూడాలి. ఆ తర్వాతే ప్లగ్గు పెట్టాలి. మనుషులకు దూరంగా ఒక నిమిషం ఊరికే తిప్పాలి. అదిరితే ఆపేయాలి.

డిస్కు వెనక అంకెలు ఉంటాయి. మాటలు ఇంగ్లీషులో ఉన్నా అంకెలు మనం నేర్చుకున్నవే. 60, 80, 120 వంటి చిన్న అంకె గరుకును చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ నునుపు పెరుగుతుంది. ముందు 60, తర్వాత 80, ఆఖరున 120 వాడాలి.

పెద్ద అంకె వేగాన్ని చెబుతుంది. అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తట్టుకుంటుందో చెబుతుంది. నాలుగంగుళాల మిషను చాలావరకు నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. అప్పుడు డిస్కు అంచు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. మన కడప రోడ్డు మీద ఏ బస్సూ అంత వేగం పోదు! ఏడంగుళాల డిస్కుల మీద చాలావరకు 8,500 అని ఉంటుంది. పెద్దదైతే పని తొందరగా అవుతుందని కాపు రేకు ఊడదీసి, దాన్ని చిన్న మిషనుకు బిగించేవాళ్లు ఉన్నారు. అది పగిలితే ముక్కలు మొహానికే వస్తాయి. డిస్కు మీది అంకె, ప్యాడు మీది అంకె, రెండూ మిషను మీది అంకె కంటే తక్కువ ఉండకూడదు.

డిస్కు అంచు చిరిగినా, గరుకు పోయి మెరుస్తున్నా, చెక్క నల్లగా మాడుతున్నా మార్చేయండి. అరిగిన డిస్కును అదిమిపెట్టి రుద్దితే చెక్క చెడుతుంది, మోటారు కాలుతుంది. కొత్త డిస్కు ధర కంటే ఆ నష్టమే ఎక్కువ.

కంటికి అద్దాలు, ముక్కుకు దుమ్ము ఆపే మాస్కు పెట్టుకోండి. చెక్క పొట్టు ముక్కులో క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. కొంగు, జడ, భుజం మీది తువ్వాలు వేలాడకుండా కట్టుకోండి. పొట్టు దగ్గర బీడీ వద్దు.

నాకు ఆ రోజు అంకెలు చదవడం రాదు. పక్కనోడు ఇచ్చిన డిస్కు పెట్టేవాణ్ణి. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. రేపు పొద్దున పనికి పోగానే మీ మిషను మీది అంకె చదవండి. డిస్కు మీది అంకె చదవండి. ఆ తర్వాతే పని మొదలుపెట్టండి.

సెలవు.