నేలకు, నీటికి మన మాటలు
(ఒక గ్రంథాలయమునందు చేసిన యుపన్యాసము)



నేనీ సాయంకాలము కొన్ని మాటలను గూర్చి ముచ్చటింప వచ్చితిని. అవి కావ్యములలోనివి కావు. మన ప్రత్తిచేలకును, మిరపతోటలకును, వాని యడుగున నున్న నల్లరేగడికిని సంబంధించినవి. పేరు తెలియనిదానిని కాపాడువాడు లేడు. ఇదియే నా విన్నపముయొక్క సారము.

‘వాటర్‌షెడ్’ అను పదమును వినని పల్లె నేడు మన మెట్టప్రాంతమున లేదు. 1994వ సంవత్సరమున ఆచార్య హనుమంతరావుగారి యధ్యక్షతను గల సంఘము సూచనలు చేయగా, 1995 నుండి సుమారు 500 హెక్టార్ల కొకటి చొప్పున పనులు సాగినవి. “మా యూరికి వాటర్‌షెడ్ వచ్చినది, పోయినది” అని రైతులు చెప్పుకొందురు. రాకపోకలు ధనమునకే గాని దానికి లేవు. చినుకు ఏ మిట్టమీద పడి యే వాగున దిగునో, ఆ మిట్టకును వాగునకును నడుమ నున్న నేల యంతయు నదియే. చేను, బీడు, బాట, మన యిల్లు సైతము అందులోనివే. ఇంగ్లీషువారు మొదట నీ పదమును రెండు నదుల నీటిని వేరుచేయు మిట్టకే వాడిరి. అమెరికావారు నీరు దిగు భూమి కంతటికిని వాడిరి. మనము మిట్టను జలవిభాజకమనియు, భూమిని పరీవాహకప్రాంతమనియు వేఱుగా బిలిచినచో చిక్కు తీరును. అప్పుడు పని మిట్టనుండి మొదలిడి పల్లమునకు దిగవలెనని పిల్లవానికిని బోధపడును. మిట్టను విడిచి వాగులో మాత్రమే అడ్డుకట్ట కట్టినచో నది కొలది యేండ్లలో మట్టితో నిండుట వింతగాదు.

రెండవ మాట కోత. నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. తొలకరి వాన నా నెఱ్ఱెలే త్రాగును. బంకమన్ను తడిసి యుబ్బగానే యవి మూసికొనును. అటుపిమ్మట పడిన పెద్దవాన యింకక పైపైనే పరుగిడును. చదునుగా దోచు చేనుకూడ నిట్లే కోతపడుచున్నది. ప్రత్తి, మిరప సాళ్లు ఎడముగా నుండుటచే నడుమ నేల చాలకాలము బోసిగా నుండును. సాళ్లు వాలు వెంబడి సాగినచో ప్రతి సాలును పిల్లకాలువ యగును. వాలున కడ్డముగా సాగినచో ప్రతి సాలును చిన్నకట్ట యగును. అదే నాగలి, అదే కూలి. దిక్కు మాత్రమే వేఱు.

మూడవది పూడిక. చేనిలో నున్నంతకాలము బంగారమైన మట్టి చెరువున జేరి పూడిక యగును. మన పెద్దలు వేసవిలో దానిని బండ్లతో మరల చేలకు తోలిరి. ఆ తోలకము నిలిచినచోట చెరువు మెరక యగుచున్నది, చేను చిక్కుచున్నది.

నాలుగవది అలుగు. కట్ట నీటిని నిలుపును, తూము పంచును, అలుగు మిగులును సాగనంపును. గుండ్లకమ్మమీద రెండు కొండల నడుమ 57 అడుగుల యెత్తున కట్టిన కంభము చెరువు విజయనగర రాజుల కాలమునాటిది. 2020లో ప్రపంచ వారసత్వ సేద్యకట్టడముగా గుర్తింపబడినది. మన ప్రతి యూరి కుంటయు దాని చిన్న చెల్లెలే. అలుగును మూసి, వాగు పోరంబోకును ఆక్రమించి, ఇండ్లస్థలములుగా నమ్మినచో నీరు తన త్రోవను మఱచునా? కొన్నవాడు పట్టణవాసి, అందుచే నీ మాట మీ యెదుటనే చెప్పుచున్నాను. 2002లో నీటికి, భూమికి, చెట్టునకు గలిపి యొక చట్టము వచ్చినది. అయినను వాగు పేరెఱుగని యూరిలో చట్టము కాగితమే.

నందన సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు సీమను క్షామము మ్రింగెను. ఇంచుమించు అయిదులక్షల జనములో రెండులక్షలు నశించిరని నాటి లెక్క. పిదప 1855లో బెజవాడ ఆనకట్ట ముగిసి పల్లపు భూములు బ్రదికినవి. మెట్టలకు సాగరు కుడికాలువ నీరు 1967లో గాని రాలేదు. కాలువ యెక్కని మిట్టలకు నేటికిని వానయే దిక్కు. ఆ వానను నిలుపునది నేల. నేలను నిలుపవలసినవారము మనము.

కావున నొక చిన్నపని కోరెదను. ఈ పఠనమందిరపు గోడమీద నొక పలకను వ్రేలాడదీయుడు. మన యూరికి నీరు దిగు మిట్టలు, వాగులు, కుంటలు, తూములు, అలుగులు, వాని పేళ్లు దానిపై వ్రాయుడు. మీకు తెలియని పేరును ముసలిరైతు నడుగుడు. అతడు పోయిన పిదప నా పేరు ఏ పుస్తకముననుండదు. వచ్చు వానకాలమున ఆ పలకను చేతబట్టి మిట్టనుండి వాగువఱకు ఒక్కసారి నడచిరండు. పలకమీద నుండి నేలమీద లేనిదానిని గుర్తించినప్పుడు మన పని తెలియును.