ఎండకాలమున బర్రె యెద



దేవరకొండ వైపు నొక రైతు జ్యేష్ఠమాసమున తన బర్రెను సంతకు తోలెను. ఈని యేడాదియైనను ఎదకు రాలేదు. గొడ్డుపోయినదని యతని నమ్మకము. అగ్గువ ధరకే యమ్మెను. కొన్నవాని యింట నా బర్రెయే కార్తికమున ఎదకు వచ్చి చూడి కట్టెను. మరుసటి భాద్రపదమున దూడతో నున్న దానిని పాత యజమాని చూచి యేమియు ననలేదు. నేను చూచిన సంగతి యిది.

లోపము బర్రెది కాదు. మెదడు నడుగున పీయూషగ్రంథి యనునది కలదు. అందుండి యుండియుండి రక్తములో జేరు హార్మోను అండాశయమును మేల్కొల్పును. అండము పక్వమై, సుమారు 21 దినముల కొకసారి ఎద వచ్చును. మేత చాలనిచో ఆ స్రావము పలుచబడును. వేడిమి మిక్కుటమైనపుడు కోర్టిసాలను మరియొక హార్మోను పెరిగి దానిని మరింత అణచును. ఒక్కొక్కప్పుడు లోపల ఎద వచ్చియు పైకి గుర్తు లుండవు. దీనినే మూగ ఎద యందురు.

ఆవు కంటె బర్రెకు ఈ బాధ హెచ్చు. నల్లని తోలు ఎండను పీల్చును; చెమట గ్రంథులు తక్కువ. మన జిల్లాలలో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటును. అప్పటికి చెరువు లెండియుండును. ఇంక పొద్దు సంగతి. రాత్రివేళ మెదడులో మెలటోనిను అను హార్మోను పుట్టును. రాత్రి దీర్ఘమైనకొలది దాని కాలము పెరుగును. బర్రెకు అదియే ఎదకాలపు పిలుపు. కార్తికమున కట్టిన బర్రె 310 దినములు మోసి భాద్రపదమున ఈనుననుట మీరెరిగిన లెక్కయే. హార్మోను పేరు మాత్రము క్రొత్తది.

సూర్యుని మనము మరల్పలేము గాని కొట్టమును మార్చవచ్చును. రేకుల కప్పు మధ్యాహ్నము పెనమువలె కాలును. దానిపై తాటాకు గాని జొన్నచొప్ప గాని దట్టముగ పరువుడు. కొట్టము తూర్పు పడమరలుగా పొడవుండి, ప్రక్కలు తెరపి కావలెను. వేపనీడ యున్నచో మరియు మేలు. చెరువు లేనిచోట పగలు రెండు మూడుమారులు ఒంటిమీద నీరు పోయుడు. మేత అరుగునపుడు కడుపులో వేడి పుట్టును గనుక తెల్లవారుజామునను రాత్రియందును వేయుడు. వరిగడ్డిలో భాస్వరము బహు స్వల్పము. పచ్చిమేతయు, గానుగపిండియు, ఖనిజ మిశ్రమమును తోడు కావలెను.

మర్రిగూడ, మునుగోడు ప్రాంతములందు బోరునీట ఫ్లోరైడు హెచ్చు. ఆ నీరే యేండ్ల తరబడి త్రాగిన పశువునకు పండ్లు అరిగి, కీళ్లు పట్టును. నమలలేని పశువు ఎదకెట్లు వచ్చును? వాననీరు దొరికినన్నాళ్లు అదియే తొట్టిలో పోయుడు.

ఎండకాలపు ఎద చల్లని వేళలనే, అనగా రాత్రియో వేకువనో, కనబడును. అప్పుడు కొట్టములోనికి బోయి చూడవలెను. తీగవంటి తేటయైన జిగురు, మాటిమాటికి మూత్రము, పాలు తగ్గుట గురుతులు. బర్రె యరచునని కాచుకొనియుండరాదు; పెక్కు బర్రెలు అరవవు. ఉదయమున కనబడినచో సాయంకాలము సూది వేయింపుడు.

ఏమియు కనబడకున్న, అమ్ముటకు ముందు పశువైద్యునిచే లోపల చెయ్యిపెట్టించి పరీక్ష చేయింపుడు. అండాశయముపై పీతదేహ మున్నదని యాయన చెప్పినచో, చక్రము తిరుగుచునే యున్నదన్నమాట. ఆ బర్రెను ఇంటికే తోలుకొని రండు.