తుపాకికి రెండు కాళ్ళ ఊత



మా మైలవరపు మెట్టలో జొన్నచేని మంచెపై నిలిచి వడిసెల విసరుటతో నా గురి నేర్పు మొదలైనది. పిదప కళాశాలలో నేషనల్ కేడెట్ కోరు శిక్షణమున పాయింటు 22 రైఫిలు చేతపట్టితిని. తుపాకి ముందుభాగమునకు అమర్చు రెండు కాళ్ళ ఊతను గూర్చి నేడు ముచ్చటించెదను. దీనినే బైపాడ్ అందురు.

ఊతను ఎన్నుకొనుటలో మొదటి సూత్రమిది: అది తుపాకి కొయ్యకు బిగియవలెను గాని గొట్టమునకు కాదు. గుండు వెడలునపుడు గొట్టము కంపించును. దానిపై భారము మోపినచో ఆ కంపనము మారి, గుండు వేరొకచోట తగులును. రెండవది ఎత్తు. బోర్ల పరుండి కాల్చువానికి 6 మొదలు 9 అంగుళముల కాళ్ళు చాలును. కాళ్ళు పొడవైనకొలది వణకు హెచ్చును. మూడవది, తుపాకిని అటునిటు సరిచేయుటకు వీలైన కీలు. మా మెట్టనేల ఎక్కడ సమముగా నున్నది? ఒక కాలు మిట్టనుండి ఒక కాలు పల్లముననున్న తుపాకి ఒరగును. గుండు ఆ ఒరిగిన ప్రక్కకే పోవును.

ఇక వాడుక. దేహము తుపాకి వెనుక తిన్నగా నుండవలెను. భుజముతో కొంచెము ముందునకు నెట్టి కాళ్ళలోని వదులు తీయవలెను. ఆ ఒత్తిడి ప్రతిసారియు ఒక్కరీతిగా నుండవలెను. ఎడమచేయి ముందుండనక్కరలేదు. తుపాకి మడమ క్రింద చిన్న ఇసుకసంచి నుంచి, దానిని ఆ చేత పట్టుకొనవలెను. సంచిని పిడికిట నొక్కిన మడమ లేచి గురి దిగును. వదలిన గురి లేచును. రాతిబండపై కాళ్ళు ఎగురును గనుక గోనెపట్టా పరచుకొనుట మేలు. ఊతతో కాల్చదలచినవాడు ఊతతోనే గురి సరిచేసికొనవలెను. నేనట్లు చేయక, గుండ్లు మీదుగా పోవుచుండగా తుపాకిని నిందించితిని. తప్పు నాది.

అయినను ఊత విద్యకు బదులు కాదు. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీయందు కాంస్యపతకము గెలిచెను. ఆ పోటీలో నిలుచుండి, ఏ ఊతయు లేక కాల్చవలెను.

ఒక్కమాట చెప్పి ముగించెదను. ఒకనాడు ఊతపై తుపాకి కదలక నిలిచెను. గురిపలక నడిమి నల్లచుక్క తప్ప నాకు మరేమియు కనబడలేదు. ట్రిగ్గరుపై వ్రేలు బిగియుచుండగా మా గురువు "ఆగు!" అని కేకవేసెను. మట్టికట్ట చివరనుండి మేకలపిల్లవాడొకడు వచ్చుచుండెను. నేను వాని చూడనేలేదు. ఊత నా చేతిని నిలిపెను గాని నా చూపును ఇరుకు చేసెను. ఆ చిన్న పాయింటు 22 గుండు సయితము మైలుకు పైగా పోగలదు.

కావున కాల్చుటకు ముందు తల యెత్తి ఇరుప్రక్కల చూడుడు. ఊతపై నిలిచిన తుపాకిని విడిచి లేచునపుడు తూటా తీసి, బోల్టు తెరచి లేవుడు. తుపాకికి రెండు కాళ్ళు చాలును. కాల్చువానికి రెండు కన్నులును తెరచియుండవలెను.