పెట్రాపోల్ ద్వారము – మన వర్తకులు గ్రహింపవలసిన సంగతి

(బరంపురమున తెలుగు వర్తకుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)

 

మన ఊరి ప్రక్కగా పోవు 16వ నెంబరు జాతీయ రహదారిపై గుంటూరు మిరప టిక్కీలతో ఉత్తరమునకు సాగు లారీలను మనము చూచుచునే యున్నాము. వానిలో కొన్ని కలకత్తాతో ఆగవు. అచ్చటికి సుమారు 80 కిలోమీటర్ల దూరముననున్న పెట్రాపోల్ సరిహద్దు ద్వారమును దాటి, బంగ్లాదేశములోని బేనాపోల్ చేరును.

ఆ ద్వారము సామాన్యమైనది కాదు. 2024 నాటి ప్రభుత్వ లెక్కను బట్టి, ఉభయ దేశముల నడుమ భూమార్గమున జరుగు వర్తకపు విలువలో నూటికి సుమారు 70 వంతులు దాని గుండానే సాగినది.

మన లారీ తిన్నగా ఢాకా పోదు. బేనాపోల్ ఆవరణలో సరుకు దింపి వారి లారీల కెక్కింతురు. సుంకపు కాగితము, తనిఖీ, దింపుడు, ఎక్కింపుడు – వీనిలో ఏ యొక్కటి ఆగినను వెనుకనున్న వరుస యంతయు ఆగును. లారీలు దినముల తరబడి నిలిచిన కాలము కలదు. నిలిచిన దినములకు హాల్టింగు చెల్లింపక తప్పదు. ఆ భారము మెల్లగా కమీషను కొట్టునకును, అచ్చటినుండి రైతునకు దక్కు ధరకును వచ్చి చేరును. సరిహద్దునందలి ఆలస్యమునకు తుదకు మూల్యము చెల్లించువాడు మిరప రైతే యని మా నిశ్చితాభిప్రాయము.

ఇందుకు నిదర్శన మొకటి మనవి చేసెదము. 2020లో లాక్‌డౌన్ వలన రహదారి రవాణాకు ఆటంకము కలిగినప్పుడు, గుంటూరు చెంతనున్న రెడ్డిపాలెమునుండి 384 టన్నుల ఎండుమిరపతో ప్రత్యేక పార్శిలు రైలు బేనాపోల్‌నకు నడచినది. లారీపై టన్నునకు సుమారు 7,000 రూపాయలగు ఖర్చు రైలుపై 4,608 రూపాయలయ్యెను. అనగా క్వింటాలునకు దాదాపు 239 రూపాయల ఆదా. సన్నకారు వర్తకునకు ఇది చిన్న మొత్తము కాదు.

సౌకర్యములు పెరుగలేదని మే మనము. 2016లో అచ్చట సమగ్ర తనిఖీ కేంద్రము ప్రారంభమైనది. 2024 అక్టోబరులో సరుకుల లారీలకు 'మైత్రీ ద్వార్' అను మరియొక మార్గము తెరచిరి. అయినను గోడలు, గేట్లు మాత్రమే చాలవు. 2025 ఏప్రిల్‌లో బంగ్లాదేశము భూమార్గమున నూలు దిగుమతిని నిలిపివేసెను. మే 17న మన ప్రభుత్వము ఆ దేశపు సిద్ధదుస్తులు భూమార్గమున రాకుండ ఉత్తరువు చేసెను. రాజ్యముల కారణములు రాజ్యములకుండును. వానిని విమర్శించుట మా ఉద్దేశము కాదు. ఒక్క ఉత్తరువుతో ఏండ్ల నాటి వ్యాపారపు బాట మూతపడగలదని మాత్రము మనము మరువరాదు.

సరిహద్దు సంగతి మనకు కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్ర మేర్పడినప్పుడు బరంపురము ఇటును, ఇచ్ఛాపురము అటును అయినవి. పద్దు తెలుగులో, బేరము ఒడియాలో నడుపుచు మన పెద్దలు రెండు వైపులను కలిపి ఉంచిరి. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చిన పిమ్మట అమ్మకపు పన్ను తనిఖీ గేట్లును తొలగినవి. ఆ గేట్ల వద్ద లారీ నిలిచినప్పటి బాధ యెరిగిన మనకు పెట్రాపోల్ వరుస అర్థము కాకపోదు.

కావున మా విన్నపములు మూడు. సరుకెత్తుటకు ముందే నాటి ఉత్తరువులను విచారించి తెలిసికొనుడు. ఒక్క ద్వారమునే నమ్మక, రైలును, ఓడరేవును గూడ లెక్కలో నుంచుకొనుడు. చిన్న వర్తకులు నలుగురైదుగురు కలిసి సరుకు పంపుడు. ఒంటరివాని టిక్కీలకు రైలు పెట్టె దొరకదు. మన పిల్లలకు తెలుగుతో పాటు ఒడియా, వంగభాషలును, సుంకపు కాగితములు వ్రాయు నేర్పును అబ్బినచో ఈ బాటపై మన వర్తకము నిలుచును.