పాలేరు దాకా ఒక పడవ ప్రయాణం

ఇటలీలో మిలాన్ నగరానికి వెళ్ళేవారు ఒక్క రోజు మిగుల్చుకుని కోమో సరస్సు చూసి రండి. మిలాన్‌లో పొద్దున్నే రైలెక్కితే సుమారు గంటలో వరెన్నా అనే ఊరు. స్టేషన్ నుంచి రేవుకు నడిచే పోవచ్చు.

సరస్సుది తలకిందులు చేసిన ‘వై’ అక్షరం ఆకారం. లోతు 400 మీటర్ల పైమాటే. కొండలు నీళ్ళ అంచుదాకా దిగి ఉంటాయి. వరెన్నా ఎదుటి ఒడ్డునున్న బెల్లాజియో అనే ఊరికి రోడ్డు మీదయితే చాలా చుట్టు, ఫెర్రీలో పావుగంటే. అందుకే అక్కడివాళ్ళకు పడవ షికారు కాదు, మనకు షటిల్ బస్సులాంటిది. కొన్నిటిలో కార్లూ ఎక్కుతాయి.

బెల్లాజియో మెట్ల వీధులు అందమైనవే, కానీ జనం ఎక్కువ. నా మనసు మాత్రం వరెన్నా పక్కనున్న ఫ్యూమెలాత్తె మీదే. కొండ గుహలో పుట్టి, తెల్లటి నురగతో దూకి, 250 మీటర్లకే సరస్సులో కలిసిపోయే ఏరు అది. చలికాలంలో ఎండిపోతుంది. ఆ పేరుకు అర్థం పాలనది. మన పాలేరే!

తిరుగు ఫెర్రీ వేళలు పొద్దున్నే రాసి పెట్టుకోండి. రైలుకు కాగితం టిక్కెట్టయితే, ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించడం మరవకండి.